కేదార్‌కాంఠా దారిలో

హిమాలయాలతో మన పరిచయం సాధారణంగా భూగోళ పటంలోని గోధుమ రంగుతో మొదలై, పరీక్ష ముగియగానే ముగిసిపోతుంది. మా పరిచయమూ అంతటితోనే ఆగి ఉండేది. కాని నిరుడు సంక్రాంతి సెలవులలో మా కళాశాల విద్యార్థులం పదకొండుగురం, ఇద్దరు అధ్యాపకుల వెంట, ఉత్తరాఖండ్ రాష్ట్రం ఉత్తరకాశీ జిల్లాలోని కేదార్‌కాంఠా అనే శిఖరానికి కాలినడక యాత్రకై బయలుదేరాము. ఆ శిఖరం ఎత్తు 12,500 అడుగులు, అనగా 3,810 మీటర్లు. పదకొండుగురు విద్యార్థులలో ఎనిమిదిమంది దానిని ఎక్కారు. ముగ్గురు ఎక్కలేదు. ఈ వ్యాసం రాస్తున్న మేమిద్దరం ఆ ముగ్గురిలోని వారమే. శిఖరంపై తీసిన ఛాయాచిత్రాలలో మా కోసం వెదకవద్దని పాఠక మిత్రులకు ముందుగానే మనవి చేస్తున్నాము.

మూడవవాడు మా ప్రాణమిత్రుడు. ఈ వ్యాసాన్ని అచ్చుకు ఇచ్చే ముందు అతనికి చదివి వినిపించాము. తన పేరు వేయవద్దని, తక్కినదంతా వేయవచ్చునని అన్నాడు. ఒక్కచోట మాత్రం అభ్యంతరం చెప్పాడు. ఆ చోటు వచ్చినప్పుడు దానినీ చెబుతాము.

అసలు ఈ యాత్ర తలపు పుట్టినది అతనికే. మా కళాశాల ఫుట్‌బాల్ జట్టులో అతడు ఆటగాడు. మాలో అందరికన్నా వేగంగా పరుగెత్తేవాడు, అందరికన్నా ఆలస్యంగా అలసిపోయేవాడు. నిజామాబాదు జిల్లాకు చెందిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25వ తేదీన, తన 13 ఏండ్ల వయసులో, ఎవరెస్టు శిఖరంపై నిలిచినదనీ, ఆమె శిక్షణ మన భువనగిరి రాతిగుట్టపైనే మొదలైనదనీ అతడు మాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. యాత్ర రుసుము కోసం ఏడాది పొడవునా సాయంకాలాలు బడిపిల్లలకు లెక్కలు చెప్పి డబ్బు కూడబెట్టాడు. మేమిద్దరం ఇంట్లో అడిగి తెచ్చుకున్నాము. ఆనాడు ఈ తేడా మాకు తేడాగానే తోచలేదు.

రెండు నెలల ముందు నుండి ప్రతి ఆదివారం గోల్కొండ కోటకు పోయి, బాలా హిస్సార్ దాకా ఎక్కి దిగడం మా సాధన. ఆ గుట్ట ఎత్తు సుమారు నాలుగు వందల అడుగులు. ముప్పై ఒక్క గోల్కొండలను ఒకదానిపై ఒకటి పేర్చితే కేదార్‌కాంఠా అవుతుందని మాలో గణితం చదివేవాడొకడు తేల్చాడు. లెక్క సరియైనదే. అందులో గాలి లెక్క మాత్రం లేదు.

యాత్ర నడిపే సంస్థ పంపిన కాగితంలో "మొదటిసారి నడిచేవారికి అనువైనది, సులభము" అని ఉన్నది. ఆ మాట అబద్ధమని మేమనము. నాలుగు రోజులలో నడవవలసినది సుమారు 20 కిలోమీటర్లు. తాళ్లు పట్టుకుని పాకవలసిన పని లేదు. గుడారాలనూ వంట సామానునూ కంచరగాడిదలు మోస్తాయి. మనకన్నా ముందే చేరిన వంటవాడు టీ కాచి ఉంచుతాడు. దారి చూపడానికి ముందొకరు, వెనుకబడినవారిని కాచుకోవడానికి వెనుకొకరు ఉంటారు. మా అమ్మలు ఈ కాగితం చదివించుకున్న తరువాతనే అనుమతి ఇచ్చారు.

తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ, అక్కడి నుండి రాత్రి బస్సులో డెహ్రాడూన్. ఈ భాగాన్ని వర్ణించి పాఠకుల ఓర్పును పరీక్షించము. డెహ్రాడూన్ నుండి సాంక్రీ గ్రామం దాదాపు 200 కిలోమీటర్లు. మన రోడ్ల మీద నాలుగు గంటల దూరం. అక్కడ మాకు పది గంటలు పట్టినది. ముస్సోరీ దాటగానే దారి కొండ నడుముకు చుట్టిన తాడులా అయిపోయినది. పురోలా వద్ద లోయ వెడల్పై, మెట్లు మెట్లుగా పొలాలు కనిపించాయి. అక్కడి ఎర్రబియ్యం ప్రసిద్ధమట. మధ్యాహ్నం ఆ అన్నమే తిన్నాము. మోరీ దాటిన తరువాత టోన్స్ నది మా పక్కనే నడిచినది. రూపిన్, సూపిన్ అనే రెండు ఏర్లు నైట్వార్ వద్ద కలిసి టోన్స్ అవుతాయి. ఈ నది దిగువన పోయి యమునలో కలుస్తుంది. కలిసేచోట యమునకన్నా టోన్స్‌లోనే నీరెక్కువ. అయినా ఆపైన పేరు మాత్రం యమునదే. ఇటువంటి అన్యాయాలు నదులకూ తప్పలేదు కాబోలు.

నైట్వార్ నుండి 1955లో ఏర్పడిన గోవింద్ వన్యప్రాణి అభయారణ్యం మొదలవుతుంది. అక్కడ అటవీశాఖ వారికి రుసుము చెల్లించి, పేర్లు రాయించుకుని, చీకటి పడే వేళకు సాంక్రీ చేరాము. 6,400 అడుగుల ఎత్తులోని చిన్న ఊరది. దేవదారు కొయ్యతో కట్టిన ఇళ్లు, పలకరాయి కప్పులు. కింది గదిలో పశువులు, పై గదిలో మనుషులు. ఒకటే వీధి. ఆ వీధి పొడవునా చలికోట్లు, చేతికర్రలు, బూట్ల కింద బిగించుకునే ముళ్ల గొలుసులు అద్దెకిచ్చే దుకాణాలు.

మా మార్గదర్శి ఆ లోయవాడే, యాభై ఏండ్లవాడు. మేము అతనిని చాచా అని పిలిచాము. అతడు మమ్మల్నందరినీ బచ్చా అని పిలిచేవాడు. మా హైదరాబాదీ మాట అతనికి మొదటిరోజే వింతగా తోచినది. అన్నం మరికొంత వడ్డించబోతే మావాడొకడు "నక్కో చాచా" అన్నాడు. చాచా గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నక్కో అంటే వద్దని, హౌ అంటే అవునని మేము విడమరిచి చెప్పాము. ఆ రాత్రి నుండి వంటవాడు, కంచరగాడిదల కుర్రవాడు, చివరికి చాచా కూడా ప్రతి దానికీ నక్కో అనసాగారు. ఉర్దూ తెలిసినందువల్ల మాకు కలిగిన మేలు ఇంతింత కాదు. బెంగుళూరు నుండి వచ్చిన మరొక జట్టువారు మార్గదర్శితో సైగలతోనూ ఇంగ్లీషుతోనూ అవస్థపడుతూ ఉండగా, మేము మొదటి రాత్రే చాచా పిల్లల చదువుల దాకా మాట్లాడుకున్నాము.

భోజనాల తరువాత అతడు మమ్మల్ని వలయంగా కూర్చోబెట్టాడు. అప్పటిదాకా నవ్వుతూ ఉన్న మనిషి నవ్వడం మానేశాడు. కొండ మీద గాలి పలుచన అవుతుందని, శిఖరం వద్ద మనకు దొరికే గాలి సముద్రమట్టం వద్ద దొరికే దానిలో సుమారు 62 వంతులు మాత్రమేనని, శరీరం దానికి అలవాటుపడటానికి రోజులు కావాలని చెప్పాడు. తలనొప్పి, వాంతి, అన్నం సహించకపోవడం, కళ్లు తిరగడం వీటిలో ఏది వచ్చినా తనకు చెప్పాలన్నాడు. దాచితే అది ఊపిరితిత్తులలోకో మెదడులోకో నీరు చేరేదాకా పోవచ్చునట. అప్పుడు ఉన్న మందు ఒక్కటే, కిందికి దిగడం. "సిర్ దుఖే తో బోల్నా, ఛుపానా నహీఁ" అని ఒక్కొక్కరి ముఖం చూసి అన్నాడు. బలమైనవారికి ఇది రాదనుకోవడం పొరపాటని కూడా అన్నాడు. కొండ కండలను చూసి ఎవరినీ వదలదట. మేమందరం హౌ చాచా, హౌ చాచా అన్నాము. అందరికన్నా గట్టిగా అన్నవాడు మా మిత్రుడే.

మొదటి రోజు నడక జూడా కా తాలాబ్ దాకా. సాంక్రీ నుండి 2,700 అడుగుల ఎక్కుడు. దారి పొడవునా దేవదారు, బాంజ్ అనే ఓక్ వృక్షాలు. ఎండుటాకుల కింద సన్నని మంచు. చాచా నెమ్మదిగా నడిచేవారిని ముందు నిలిపి, వేగంగా నడిచేవారిని వెనుక ఉంచాడు. ఈ పద్ధతి మాకు తలకిందులుగా తోచినది. మా అర్థశాస్త్ర అధ్యాపకులు, బరువైన శరీరం కలవారు, అందరికన్నా ముందు నడిచారు. మా మిత్రుడు తోక చివర. అతనికి అది అవమానంగా ఉండి, రెండు మూడుసార్లు అందరినీ దాటుకుని పైకి పరుగెత్తి, బండ మీద కూర్చుని మా కోసం ఎదురుచూశాడు. చాచా ఏమీ అనలేదు. మూడవసారి మాత్రం అతని చేతికర్ర తాను తీసుకుని, "ఇక నా పక్కనే నడు బచ్చా" అన్నాడు.

సాయంకాలానికి చెరువు చేరాము. చెరువు పూర్తిగా గడ్డకట్టి ఉన్నది. తెల్లని పళ్లెం చుట్టూ నల్లని చెట్లు. శివుడు ఇక్కడ జటాజూటం విప్పగా జాలువారిన నీరే ఈ తాలాబ్ అయినదని ఊరివారు చెప్పే కథ. ఆ అందం ఎంతటిదో అంతటి రద్దీ కూడా అక్కడ ఉన్నది. రంగురంగుల గుడారాలు వందకు పైగా లెక్కపెట్టాము. మాగీ అమ్మే కొట్లు, వాటి వెనుక మంచులో సగం మునిగిన ప్లాస్టిక్ కాగితాలు. హిమాలయ ఏకాంతమును గురించి పద్యం రాయదలచి కాగితాలు వెంట తెచ్చుకున్న మా మిత్రులొకరు వాటిని తిరిగి సంచిలో పెట్టుకున్నారు.

రాత్రి వంటవాడు మండువా రొట్టెలు చేశాడు. నల్లగా ఉన్న ఆ రొట్టెను కొరకగానే మాకు ప్రాణం లేచి వచ్చినది. అది మన రాగిరొట్టెయే. వేయి మైళ్ల దూరంలో, మంచు నడుమ, రాగిరొట్టె! మా మిత్రుడు నాలుగు తిన్నాడు. ఈ సంగతి ఎందుకు రాస్తున్నామంటే, మరునాటి రాత్రి అతడు ఒక్కటి కూడా తినలేదు.

రెండవ రోజు 11,250 అడుగుల వద్ద ఉన్న విడిదికి ఎక్కాము. దూరం తక్కువే గాని మంచు మోకాలిదాకా ఉన్నది. చెట్లు క్రమంగా పలచబడి, మధ్యాహ్నానికి తెల్లని బయలులోకి వచ్చాము. 3,000 మీటర్లు దాటిన తరువాత రాత్రి పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదని పర్వతవైద్యుల నియమం ఒకటి కలదని తిరిగి వచ్చాక చదివాము. మేము ఆ ఒక్కరోజే 650 మీటర్లు పెరిగాము. అందులో 3,000 దాటిన భాగం 430 మీటర్లే గనుక నియమం తప్పలేదనే చెప్పాలి. కాని నాలుగు రోజుల క్రితమే హైదరాబాదులో రైలెక్కిన రక్తానికి ఆ లెక్కలు తెలియవు. కాగితంలోని "సులభము" అన్న మాట కాళ్లను ఉద్దేశించినదని మాకు అప్పుడు తెలియలేదు.

మా గుడారంలో ముగ్గురం, మేమిద్దరమూ అతడూ. సాయంకాలం అతడు సంచిలోంచి తలనొప్పి మాత్ర ఒకటి తీసి మింగడం మేము చూశాము. గంట తరువాత మరొకటి మింగాడు. అడిగితే, ఎండ మంచు మీద పడి కళ్లు లాగుతున్నాయన్నాడు. భోజనానికి ముందు చాచా ఆక్సీమీటర్ పట్టుకుని గుడారం గుడారానికి వచ్చాడు. మా ఇద్దరికీ 89, 90 చూపినది. అతనికి 82. చేతులు చల్లబడి ఉన్నాయని అతడు వేళ్లు చంకలో పెట్టుకుని వేడి చేసుకుని మళ్లీ ఇచ్చాడు. ఈసారి 84. చాచా దానిని పుస్తకంలో రాసుకుని, "సిర్ దుఖ్తా?" అని అడిగాడు. అతడు నక్కో అన్నట్లు చేయి ఊపి నవ్వాడు. చాచా తరువాత మా ఇద్దరి వంక చూశాడు. మేము నేల వంక చూశాము.

రాత్రి పన్నెండు దాటిన తరువాత అతడు గుడారం బయటికి పాకిపోయి వాంతి చేసుకున్నాడు. తిరిగి వచ్చి, చాచాకు చెప్పవద్దని మా చేతులు పట్టుకున్నాడు. ఇంకా నాలుగు గంటల నడకే గదా, శిఖరం చూసి దిగిపోతే అంతా సర్దుకుంటుందని అన్నాడు. ఏడాదిపాటు చెప్పిన లెక్కల సంగతి ఎత్తాడు. మేము సరేనన్నాము. అతని మీద జాలితోనే సరేనన్నామని చాలా కాలం ఒకరికొకరు చెప్పుకున్నాము. అది సగమే నిజం. అతడు దిగిపోవలసి వస్తే, తోడుగా మాలో ఒకరమైనా దిగవలసి వచ్చేది. ఆ మాట ఇద్దరమూ పైకి అనలేదు. చీకటిలో ఒకరి ముఖం ఒకరికి కనబడనందుకు సంతోషించాము.

శిఖరం మీద సూర్యోదయం చూడాలని రాత్రి మూడు గంటలకే బయలుదేరడం అక్కడి ఆనవాయితీ. నుదుటికి దీపాలు కట్టుకుని వరుసగా కదిలాము. పైన వాలు మీద అంతకుముందే బయలుదేరిన జట్ల దీపాలు దండ గుచ్చినట్లు మెరుస్తున్నాయి. చలికి ముక్కులోని తడి గడ్డకట్టినది. అతడు మా నడుమ నడుస్తున్నాడు. మొదట కర్ర వేసే చోట కాక పక్కన వేశాడు. తరువాత దారి కుడివైపు వంగితే అతడు తిన్నగా పోయాడు. తిన్నగా పోయిన చోట వాలు ఉన్నది. వెనుక ఉన్నవాడు నడుము పట్టి లాగాడు. ఎవరమూ కేక వేయలేదు. కాని ముందున్న చాచా, వెనుకకు చూడకుండానే, ఆగిపోయాడు. ముళ్ల గొలుసుల చప్పుడు తప్పిన సంగతి అతని చెవికి తెలిసినదట.

అతడు దిగి వచ్చి, మా మిత్రుని ముఖం మీద దీపం పెట్టాడు. చదునుగా ఉన్న చోట, ఒక పాదపు మడమకు మరొక పాదపు వేళ్లు తగిలేలా, గీత గీసినట్లు పది అడుగులు వేయమన్నాడు. బంతిని కాలితో తాడు మీద నడిపించగల మనిషి నాలుగవ అడుగు వేయలేక పక్కకు కూలబడ్డాడు. చాచా అతనిని లేపి నిలబెట్టి, తన వేడినీళ్ల సీసా చేతికిచ్చాడు. తరువాత మా వైపు తిరిగి, కోపమేమీ లేకుండా, "ఆప్ దోనోఁ ఇస్‌కే టెంట్ మేఁ థే నా?" అని మాత్రం అడిగాడు.

అవునని చెప్పడానికి మాకు హౌ అనే మాట కూడా రాలేదు.

వెనుక నడిచే సహాయకుడు కిందికి తీసుకుపోతాడని, తోడు ఎవరు వస్తారని చాచా అడిగాడు. మేమిద్దరమూ వస్తామన్నాము. ఇది మా గొప్పతనంగా ఎవరూ భావించవద్దు. అప్పటికి ఆ మాట రాత్రి పన్నెండు గంటలకు అని ఉండవలసినది.

విడిది చేరి, సామాను సర్ది, వెంటనే ఇంకా కిందికి, జూడా కా తాలాబ్ వైపు దిగసాగాము. సహాయకుడు అతని భుజం కింద చేయి వేసి నడిపించాడు. చెట్ల మొదలు చేరేసరికి తూర్పు తెల్లబడినది. మాకు తెలియకుండానే వెనుకకు తిరిగి చూశాము. చెట్ల సందులోంచి బందర్‌పూంఛ్ కొండ, దానికి ఎడంగా స్వర్గారోహిణి కనిపించాయి. పాండవులు స్వర్గానికి నడిచిపోయిన దారి అదేనని ఆ ప్రాంతం వారి నమ్మకం. 6,252 మీటర్ల ఎత్తున ఆ మంచు మొదట బూడిద రంగుగా, తరువాత దానిమ్మ గింజ రంగుగా మారినది. మేము నిలబడి చూసినది అర నిమిషమే. మా మిత్రుడు చూడలేదు. తల వంచుకుని ఏడ్చాడు. పైన చెప్పిన అభ్యంతరం ఇక్కడే. అది ఏడుపు కాదని, చలిగాలికి కళ్లు నీరు కార్చాయని అతని వాదన. రెండూ అచ్చు వేస్తున్నాము.

అద్భుతమనదగినది ఒకటి చెప్పాలి. రెండు వేల అడుగులు దిగేసరికి అతడు మారిపోయాడు. మాటలో తడబాటు పోయినది. చెరువు ఒడ్డున కొట్టు ముందు కూర్చుని, టీ అడిగాడు. తరువాత మాగీ అడిగాడు. మేము అతనికి మందేమీ ఇవ్వలేదు. గాలి తప్ప మరేమీ మారలేదు. శిఖరం ఎక్కి వస్తున్న వేరే జట్టువారు మధ్యాహ్నం దారిలో ఎదురై, "టాప్ హువా?" అని ఉత్సాహంగా అడిగారు. మేము తల దించుకున్నాము. అతడే "నక్కో" అన్నాడు. వారికి అర్థం కాలేదు.

మరునాటి సాయంకాలం శిఖరం ఎక్కిన ఎనిమిదిమంది, అధ్యాపకులిద్దరూ సాంక్రీ చేరారు. మా అర్థశాస్త్ర అధ్యాపకులు అందరికన్నా ముందుగా, నెమ్మదిగా, శిఖరం చేరారని తెలిసి చప్పట్లు కొట్టాము. భోజనాల వేళ చాచా తన పుస్తకం తెచ్చాడు. ప్రతి యాత్రికుడు ఎక్కిన ఎత్తును, తిరిగి వచ్చిన కారణమేదైనా ఉంటే దానిని అందులో తన చేతితో రాయాలి. మా మిత్రుడు కలం తీసుకుని ఉర్దూలో రాశాడు. చాచాకు ఆ లిపి రాదు. ఏమి రాశావని అడిగాడు. అతడు చదివి వినిపించాడు. సుమారు 11,600 అడుగులు. కారణం, తల నొప్పి పుట్టినది, దాచాను.

తరువాత కలం మా వైపు జరిపాడు. మేము దాని కింద, ఒకే వాక్యం, తెలుగులో రాసి, ఇద్దరమూ సంతకాలు చేశాము. ఏమి రాశామని చాచా అడగలేదు. మా మిత్రుడు మాత్రం పుస్తకాన్ని తన వైపు తిప్పుకుని, తెలుగు చదవడం అతనికి కొంత నిదానం గనుక, అక్షరం అక్షరం మీద వేలు పెట్టి చివరిదాకా చదివాడు. చదివి పుస్తకం మూసి, రొట్టెల పళ్లెం మా ముందుకు జరిపాడు.